అమ్మమ్మ అని రాయడానికి ఏడు నొక్కులు

తెనాలి

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. నాకు అర్థమైనంతలో తగాదా ఇది. మీ నాన్నగారు ఇద్దరికీ కలిపి ఒక్క కీబోర్డే కొంటానన్నారు. నాన్నా, ప్రతి మీట కిందా ఉండే స్విచ్‌లలో నీకు రెడ్ రకం కావాలి, ఆటకు అవే మేలని ఎవరో చెప్పారు. తల్లీ, నీకు బ్లూ కావాలి, టైపింగుకు అవే అని నీకూ ఎవరో చెప్పారు. మధ్యలో మీ అమ్మ ఫోను లాక్కుని, ఏది కొన్నా సరే రాత్రిపూట టకటకమంటే అటకెక్కిస్తానంది. ఇది ఫోనులో తేలే పంచాయితీ కాదని ఉత్తరానికి కూర్చున్నాను.

నేను టైపు నేర్చుకున్నది రెమింగ్టన్ మిషను మీద. మొదటి నెలంతా 'ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె' తప్ప ఇంకో మాట కొట్టనివ్వలేదు. లోయర్ పరీక్షకు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. రెండూ పాసై, కోర్టు ఎదురుగా జాబ్ టైపింగ్ పెట్టుకున్నాను. ఆ మిషను మీద మెల్లగా కొడితే అక్షరం ఆనదు, విసురుగా కొడితే 'ఓ' వచ్చిన చోటల్లా కాగితానికి చిల్లు. రెండు మీటలు కలిపి నొక్కామా, అక్షరాల కడ్డీలు రెండూ గాలిలో పెనవేసుకునేవి, వేళ్లు నల్లగా చేసుకుని విడదీయాలి. అందుకే మా తరం వేళ్లకు ఒక లెక్క పడిపోయింది: ఎంత బలంగా, ఎంత లోతుగా, ఎప్పుడు వదలాలి. ఇప్పుడు మీరు కొనబోయే స్విచ్ సంగతి కూడా ఆ మూడు లెక్కలే.

ఇద్దరి తగాదానూ ఒక్క మీట మీద పెట్టి చెబుతాను. అది డి.

నాన్నా, నీ ఆటలో డి నొక్కితే నీ మనిషి కుడివైపు జరుగుతాడు. తల్లీ, నువ్వు తెలుగు టైపింగు ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో నేర్చుకుంటున్నావు కదా, అందులో డి అంటే పొల్లు. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే 'అ'. ఆ అమరిక చేసినవాళ్లకు నేను ఎప్పుడూ మనసులో దండం పెట్టుకుంటాను. గుణింతాలు దాదాపు అన్నీ ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి ఇచ్చారు. 'తెలుగు' అని కొట్టి చూడు: ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. రోకటిపోటులా చేతులు మార్చి మార్చి పడతాయి. 'స్త్రీ' కూడా అంతే: ఆరు నొక్కులు, అందులో రెండు డి మీద. కానీ 'అమ్మమ్మ' దగ్గర మాత్రం ఆ న్యాయం తప్పింది. 'మ' ఉన్న సి మీటా, పొల్లు ఉన్న డి మీటా రెండూ ఎడమచేతి నడివేలివే. ఏడు నొక్కులూ ఆ ఒక్క వేలే మోయాలి. స్విచ్ బరువు మంచిదో కాదో తేల్చుకోవాలంటే, ఆ మాటను వరసగా యాభైసార్లు కొట్టి చూడండి. నడివేలు చెబుతుంది.

ఇక స్విచ్ లోపలికి పోదాం. పాడైనదొకటి విప్పి బల్ల మీద పెట్టుకున్నాను. లోపల ఉన్నవి నాలుగే వస్తువులు: ప్లస్ గుర్తు తలతో ఒక ప్లాస్టిక్ కాడ, దాని కింద బాల్‌పెన్నులో ఉండేలాంటి స్ప్రింగు, పక్కన రెండు రేకు ముక్కలు. కాడకు చిన్న కాళ్లు రెండుంటాయి. మీట పైన ఉన్నంతసేపూ ఆ కాళ్లు ఒక రేకును నెట్టి పట్టుకుని, రెండో దానికి తగలనివ్వవు. నొక్కితే కాడ దిగుతుంది, కాళ్లు తప్పుకుంటాయి, రేకులు తాకుతాయి, అక్షరం పడుతుంది. ఆ కాళ్ల అంచు నున్నగా ఉంటే అది రెడ్, అంగడి భాషలో లీనియర్. అంచు మీద చిన్న బుడిపె ఉంటే బ్రౌన్, అంటే టాక్టైల్. బ్లూలో కాడే రెండు ముక్కలు. బుడిపె దాటగానే కింది ముక్క ఒక్కసారిగా జారి అడుగుకు కొట్టుకుంటుంది. మీ అమ్మ అటకెక్కిస్తానన్నది ఆ 'టిక్కు'నే. అలాంటివాటిని క్లికీ అంటారు.

ఈ రంగుల పేర్లు చెర్రీ కంపెనీవి. ఎమ్ఎక్స్ అన్న రకాన్ని వాళ్లు 1980లలో తెచ్చారు. తరువాత గేటరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే ఆకారంలో చేయడం మొదలుపెట్టాయి. రెడ్, బ్రౌన్, బ్లూ వరకు చాలామంది పాత అర్థాన్నే పాటిస్తారు. అది దాటితే రంగును నమ్మకండి. చెర్రీ క్లియర్ గట్టి బుడిపె ఉన్న బరువైన టాక్టైల్, గేటరాన్ క్లియర్ బుడిపె అన్నదే లేని తేలికైన లీనియర్. పేరు ఒకటే, తీరు పూర్తిగా వేరు. కాబట్టి రంగు వదిలేసి మూడు అంకెలు చదవండి: ఎంత బరువుకు అక్షరం పడుతుంది, ఎంత లోతులో పడుతుంది, అడుగు ఎంత లోతులో ఉంది.

చెర్రీ రెడ్‌కు సుమారు 45 గ్రాములు, 2 మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్లు. బ్రౌన్‌కు 55, లోతులు అవే. బ్లూకు 60 గ్రాములు, 2.2 మిల్లీమీటర్లు. స్పీడ్ సిల్వర్ అని ఇంకొకటుంది, బరువు రెడ్‌దే, కానీ 1.2 మిల్లీమీటర్లకే అక్షరం పడిపోతుంది. ఈ అంకెలు కళ్లకు కట్టాలంటే ఒక ఆట చెబుతాను. కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి, డి చుట్టూ ఉన్న కీక్యాప్‌లు, అంటే మీటల పై తొడుగులు, పీకేసి, డి మీద పది రూపాయల నాణేలు ఒకదాని మీద ఒకటి పేర్చండి. పక్క కీక్యాప్‌లు ఉంచితే నాణెం వాటి మీద ఆగిపోతుంది, నేను మొదట ఆ తప్పే చేశాను. నాణెం బరువు సుమారు 7.7 గ్రాములు. రెడ్ అయితే ఆరో నాణెం దగ్గర తెర మీద డి మొదలవుతుంది, బ్లూ అయితే ఎనిమిదోది పెట్టాలి. ఒకటి అటూ ఇటూ అయితే కంగారు పడవద్దు, ఒకే పెట్టెలోని స్విచ్‌లు కూడా అచ్చంగా ఒక్కలా ఉండవు.

రెండు నాణేల తేడా ఏపాటిది అనిపిస్తుంది. గంటసేపు కొట్టాక తెలుస్తుంది. అలాగని తేలిక స్విచ్ అందరికీ సుఖమని కాదు. వేళ్లు మీటల మీదే ఆనించి ఆలోచించే అలవాటున్న నాలాంటివాళ్లకు రెడ్ మీద ఊరికే అక్షరాలు పడిపోతాయి. సిల్వర్ అయితే మరీ, చూపు తగిలితే చాలు పడేటట్టుంటుంది.

టైపు చేసేవాళ్లకు మీట దిగడం ముఖ్యం. ఆట ఆడేవాళ్లకు మీట లేవడం ముఖ్యం. ఇది నాకు నీ పక్కన కూర్చుని ఆట చూసేదాకా తెలియలేదు, నాన్నా.

తల్లీ, ముందు నీది చెబుతాను. టైపు కొట్టేటప్పుడు 'పడింది' అన్న కబురు వేలికి తెలిస్తే మనసు తరువాతి అక్షరానికి పోతుంది. మామూలు రబ్బరు కీబోర్డు మీద ఆ కబురు అడుగు తగిలితే గాని నమ్మకంగా రాదు. బుడిపె ఆ కబురు మధ్యలోనే చెబుతుంది, బ్లూ అయితే చెవికి కూడా చెబుతుంది. నా డీటీపీ రోజుల్లో టీవీఎస్ గోల్డ్ కీబోర్డు ఉండేది, లోపల చెర్రీ బ్లూలే. బ్యాంకు కౌంటర్లలో టకటకలాడేవి చాలావరకు అవే. పెళ్లి శుభలేఖలు, ప్రశ్నపత్రాలు దాని మీద ఎన్ని కొట్టానో లెక్కలేదు. ఆ చప్పుడు నాకు తాళంలా ఉండేది. పక్క కుర్చీలో ప్రూఫులు దిద్దే ఆయనకు మాత్రం తలనొప్పిలా ఉండేది.

ఇప్పుడు నీ సంగతి, నాన్నా. కౌంటర్ స్ట్రైక్‌లో ఎ నొక్కి ఎడమకు పరుగెడుతున్నావు. పరుగులో పేల్చిన గుండు చెదురుతుంది, గురి కుదరాలంటే నిలబడాలి. అందుకని ఎ వదిలి, డి ఒకసారి తాకి, ఆగి, పేలుస్తావు. ఆ ఆగడం మొదలయ్యేది ఎ నొక్కడంతో కాదు, ఎ వదలడంతో. మామూలు స్విచ్ అడుగుదాకా వెళ్లి 4 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. నువ్వు వేలు ఎత్తడం మొదలుపెట్టినా, రేకులు విడిపోయే దగ్గరికి, అంటే దాదాపు సగం దూరం పైకి వచ్చేదాకా కంప్యూటర్ అది వదిలావని ఒప్పుకోదు. బ్లూలో ఇంకా అన్యాయం. అక్షరం పడే చోటు కన్నా వదిలినట్టు లెక్కకు వచ్చే చోటు ఇంకా పైన ఉంటుంది, కాబట్టి గబగబా రెండుసార్లు నొక్కాలంటే వేలు మరింత లేవాలి. నీకు బ్లూ వద్దని ఎవరో చెప్పింది చప్పుడు కోసం మాత్రమే కాదన్నమాట.

దీనికే అయస్కాంతం స్విచ్‌లు వచ్చాయి. వాటిలో తాకే రేకులుండవు. కాడ అడుగున చిన్న అయస్కాంతం, కింద బోర్డు మీద ఒక సెన్సరు. కరెంటు పారే లోహం దగ్గరికి అయస్కాంతం వస్తే అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికా శాస్త్రవేత్త కనిపెట్టాడు. హనీవెల్ కంపెనీ నా చిన్నప్పుడే ఆ పద్ధతిలో కీబోర్డులు చేసింది. ఆటగాళ్ల చేతికి తెచ్చిన వాళ్లలో డచ్చి కంపెనీ వూటింగ్ ముందుంది. మీట ఎంత లోతులో ఉందో సెన్సరుకు ప్రతిక్షణం తెలుసు కాబట్టి, వేలు రవ్వంత పైకి లేచినా వదిలినట్టే లెక్క. దీన్ని ర్యాపిడ్ ట్రిగ్గర్ అంటారు. రేకులు లేవు గనుక ఇంకో బాధా లేదు. లోహం లోహాన్ని తాకినప్పుడు బంతిలా రెండు మూడుసార్లు ఎగిరి గాని కుదురుకోదు, మామూలు కీబోర్డు ఆ కొద్ది మిల్లీసెకన్లు ఆగి చూడాలి. రేకులు పాతబడి మురికి పడితే ఒక్క నొక్కుకు రెండక్షరాలు పడేది కూడా అందుకే.

ఒక్క హెచ్చరిక. ఎ, డి రెండూ నొక్కి ఉంటే ఏది చెల్లాలో కీబోర్డే తేల్చేసే సదుపాయం కొన్నిటిలో ఉంటుంది. 2024 ఆగస్టులో ఆ ఆట చేసిన వాల్వ్ సంస్థ కౌంటర్ స్ట్రైక్ 2లో తన సర్వర్ల మీద దాన్ని ఒప్పుకోనని చెప్పింది. పట్టుబడితే ఆటలోంచి గెంటేస్తారు. ర్యాపిడ్ ట్రిగ్గర్‌కు ఆ అడ్డు లేదు. అయినా నువ్వు మొన్న ఓడింది మిల్లీసెకన్ల వల్ల కాదురా, తలుపు వెనక ఎవరున్నారో చూడకుండా దూకావు. ఆడలేక మద్దెల ఓడు అనకు.

కొనేటప్పుడు హాట్ స్వాప్ బోర్డు అడగండి. టంకం పెట్టకుండా స్విచ్ పీకి ఇంకోటి గుచ్చుకోవచ్చు. మూడు పిన్నుల బోర్డులో అయిదు పిన్నుల స్విచ్ దిగదు, అదనంగా ఉన్న రెండు ప్లాస్టిక్ కాళ్లూ గోళ్ల కత్తెరతో కత్తిరిస్తే దిగుతుంది. అయస్కాంతం స్విచ్‌లు మామూలు బోర్డులో గుచ్చినా పనిచేయవు. గుచ్చేటప్పుడు కళ్లజోడు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. పోయిన నెల డి దగ్గర కొత్త స్విచ్ వంకరగా నొక్కాను, రాగి పిన్ను వంగి కిందికి మడత పడింది. అది తెలియక మీ అమ్మకు సందేశం కొట్టి పంపాను. డి లేదంటే పొల్లూ లేదు, 'అ' కూడా లేదు. 'స్త్రీ' వెళ్లి 'సతరీ' అయింది. కింద సంతకం 'మమమమ' అని వచ్చింది. మీ అమ్మ భయపడి వెంటనే ఫోను చేసి, మాట పడిపోయిందా అని అడిగింది.

సరే, తీర్పు. హాట్ స్వాప్ బోర్డు, సైలెంట్ లీనియర్ స్విచ్‌లతో తీసుకోండి. మామూలు రెడ్‌కు టిక్కు లేదు గాని అడుగుకు తగిలే చప్పుడుంటుంది. సైలెంట్ వాటిలో కాడకు మెత్తటి అంచు కడతారు, ఆ దెబ్బ అణిగిపోతుంది. దానితో మీ అమ్మ గొడవ తీరింది. నాన్నా, నీకు ఇప్పటికి అది చాలు. పోటీలకు పోయే రోజు వస్తే అయస్కాంతం కీబోర్డు నీకు విడిగా కొనిపెట్టమని నేనే మీ నాన్నగారికి చెబుతాను. తల్లీ, నువ్వు పదిహేను రోజులు దాని మీద కొట్టు. బుడిపె లేక వేలు వెతుక్కుంటుంటే బ్రౌన్లు తెప్పించుకుని మార్చుకో. డబ్ల్యూ, ఎ, ఎస్ మీటలు వాడికి వదిలెయ్. డి ఎవరిదో మీరిద్దరూ తేల్చుకోవాలి, అందులో నేను వేలు పెట్టను. ఇవన్నీ కూడా కొనేముందు ఒక టెస్టర్ తెప్పించుకుని, కళ్లు మూసుకుని నొక్కి చూశాకే. రకానికొక్క స్విచ్ గుచ్చి అమ్మే చిన్న పలక అది.

పెట్టెలో స్విచ్‌లు ఒకటో రెండో ఎక్కువే ఇస్తారు. పండగకు వచ్చేటప్పుడు ఒకటి నాకు తెచ్చిపెట్టండి. ఆ వంగిన పిన్నును పట్టకారుతో సరిచేసి నెట్టుకొస్తున్నాను, ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు.

ఇట్లు,
మీ అమ్మమ్మ
(ఈసారి పొల్లులు రెండూ పడ్డాయి)