ఆ చెక్కలు ఎందుకు కాల్చనివ్వలేదంటే

చి॥ సాహితికి, చి॥ వంశీకి,

తాతయ్య ఆశీస్సులు.

నేను అమెరికా వచ్చినప్పుడు మీ నాన్న ఇంటి వెనక పాత డెక్, అదే ఆ చెక్కల అరుగు, ఊడదీయించాడు గుర్తుందా? ఆ చెక్కలతో బోన్‌ఫైర్ వేద్దామని మీరిద్దరూ గంతులేశారు. నేను వద్దని అరిచేసరికి మొహాలు ముడుచుకున్నారు. "చెక్కే కదా తాతయ్యా!" అంది సాహితి. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

అది మందు తాగిన చెక్క. తడి నేలలో చెక్క పాతితే చెదలు, బూజు ఊరుకోవు కదా. అందుకని ప్రెషర్ కుక్కర్‌ని పడుకోబెట్టినట్టుండే పొడవాటి ఇనప సిలిండర్‌లోకి చెక్కల్ని తోసి, తలుపు బిగించి, గాలి లాగేసి, మందు నింపి ఒత్తిడి పెడతారు. మందు చెక్క లోపలికంటా ఎక్కుతుంది.

ఎక్కువగా వాడిన మందులు మూడు. ఒకటి క్రియోసోట్, బొగ్గు తారు నుంచి తీసే నల్లటి నూనె. నేను రైల్వేలో ట్రాక్ పని చూసేటప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండకి పట్టాల కింది కొన్ని చెక్క స్లీపర్ల నుంచి గుప్పున కొట్టే వాసన దానిదే. మంచిది కాదని తెలిసినా, ఆ వాసనంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. రెండోది పెంటాక్లోరోఫినాల్, పనివాళ్ల మాటలో 'పెంటా'. దాన్ని తయారుచేసేటప్పుడే డయాక్సిన్ అనే పాడు విషం కొద్దిగా కలిసిపోతుంది. మూడోది రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన సీసీఏ. ఆర్సెనిక్ అంటే మన పాత కథల్లో పాషాణమే. మీ డెక్ చెక్కలకున్న ఆకుపచ్చ ఛాయ చూసి నాకు అనుమానమొచ్చింది ఈ మందు గురించే.

ఈ సీసీఏని 1933లో కనిపెట్టింది ఎవరో తెలుసా? డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంఠి కామేశం. ఇంటిపేరు వింటే మనవాడే అనిపించట్లేదూ! ఆయన్ని తిట్టుకోకండి. చెక్క పదికాలాలు నిలిస్తే అన్ని చెట్లు కొట్టక్కర్లేదు. పేచీ అంతా చెక్కలో ఉండిపోయిన మందుతో కాదు, ఉండకుండా కారిపోయిన మందుతో.

సిలిండర్ తలుపు తీసి ట్రాలీల మీద బయటికి లాగిన చెక్క తడిబట్టలా కారుతూనే ఉంటుంది. పాత రోజుల్లో చాలాచోట్ల దాన్ని మట్టి మీదే ఆరబెట్టేవారు. రోజూ కొన్ని చుక్కలు, అలా ఏళ్ల తరబడి. మురికినీటి గుంటల్లో అడుగున బురద పేరుకునేది. ఇదంతా వాన పడ్డప్పుడల్లా భూగర్భ జలం వైపు దిగుతూ పోయేది.

ఫ్లోరిడాలోని పెన్సకోలాలో 1942 నుంచి 1982 దాకా స్తంభాలకి మందు పెట్టిన ఫ్యాక్టరీ ఒకటుండేది. అది మూతపడ్డాక, 1991లో పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లు విషమట్టిని తవ్వడం మొదలుపెట్టి, గుట్టగా పోసి ప్లాస్టిక్ కప్పారు. చుట్టుపక్కల జనం దానికి 'మౌంట్ డయాక్సిన్' అని పేరు పెట్టారు. ఆ గుట్ట పక్కన బతకలేమని వాళ్లు పోరాడితే, చివరికి 358 కుటుంబాలను వేరేచోటికి తరలించాల్సొచ్చింది. ఎవరో రాత్రికి రాత్రి డ్రమ్ములు పారబోసిన కేసు కాదిది. నలభై ఏళ్ల మామూలు రోజువారీ పని.

అమెరికాలో ప్రమాదకర వ్యర్థాల చట్టం 1976లోనే వచ్చింది. 1980లో క్రియోసోట్, పెంటా వాడే ఫ్యాక్టరీల మురికినీటి బురదని ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చారు. కారే చుక్కల వంతు రావడానికి మాత్రం 1990 డిసెంబర్ దాకా పట్టింది. అప్పుడు మూడు మందుల వ్యర్థాలకీ మూడు నంబర్లిచ్చారు: పెంటాకి ఎఫ్032, క్రియోసోట్‌కి ఎఫ్034, ఆర్సెనిక్, క్రోమియం మందులకి ఎఫ్035.

నాకు బాగా నచ్చింది ఆ నియమాల్లోని గచ్చు. దాన్ని డ్రిప్ ప్యాడ్ అంటారు. వాలుగా ఉండాలి, చుట్టూ గట్టు ఉండాలి, పగుళ్లుండకూడదు, కారిందంతా ఒకచోటికి చేరాలి. చుక్క ఆగేదాకా చెక్క దాని మీదే ఉండాలి, ఆగిందని రాసిపెట్టాలి. వారానికోసారి, గాలివాన తర్వాత మళ్లీ, గచ్చుని పరీక్షించాలి. మన పెరట్లో గిన్నెలు తోమే గచ్చుకి కూడా వాలూ గట్టూ ఉండేవి కదా! ఇంత చిన్న సంగతి చట్టంలోకి ఎక్కడానికి అన్నేళ్లా అని నా గొణుగుడు.

ఇంకో తిరకాసుంది. ఫ్యాక్టరీలో కారితే ప్రమాదకర వ్యర్థమైన ఆర్సెనిక్ మందు, మీ డెక్ చెక్కలో ఉంటే కాదు! వాడేసిన చెక్కని పారేసే ఇంటివాళ్లకి ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. ఇంటింటికీ లెక్కలు రాయించడం ఎవరివల్లా కాదు, నిజమే. కానీ కాలిస్తే పొగతో కొంత ఆర్సెనిక్ పోతుంది, మిగతాది బూడిదలో ఉంటుంది. ఆ బూడిదలోనే మీరు మర్నాడు పుల్లలు పెట్టి కెలుకుతారని నా భయం.

2003 చివరికి కంపెనీలు ఇళ్లకి వాడే చెక్కకి సీసీఏ పెట్టడం మానేశాయి. మీ డెక్ ఏ సంవత్సరం కట్టిందో నాన్నని అడగండి. అంతకుముందుదైతే, గ్యారేజీలో మిగిలిన ముక్కల్ని చెత్త తీసుకునే వాళ్లని అడిగి వాళ్లు చెప్పినచోటే ఇమ్మనండి. రంపం పెట్టినచోట రాలిన పొట్టు కూడా ఊడ్చి సంచిలో వేయమనండి. వంశీ, గోలీల డబ్బా ఆ మూలే పెట్టావు, ముందు దాన్ని కడుక్కో.

ఇట్లు,
మీ తాతయ్య