తెలిసింది కాగితం మీదికి ఎందుకు రాదు?

1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండ్ డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక 14 ఏళ్ల అబ్బాయి గురించి రాశాడు. చురుకైన పిల్లవాడు, ఆటల్లో తోటివాళ్లకు ఏమాత్రం తీసిపోడు. చదవడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిన్నచిన్న మాటలకే ఆగిపోతాడు. ఏళ్ల తరబడి అతనికి చదువు చెప్పిన మాస్టారు ఒక మాట అన్నారట: పాఠాలన్నీ నోటితోనే నడిస్తే బడి మొత్తంలో వీడే అందరికన్నా తెలివైనవాడు. తెలివికి లోటు లేకున్నా చదవడం, స్పెల్లింగు కష్టమయ్యే స్థితిని డిస్లెక్సియా అంటారు. దాని గురించి వైద్య పత్రికల్లో వచ్చిన తొలి వివరణల్లో ఇదొకటి.

డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే స్థితి), ఆటిజం (ఎదుటివాళ్లతో కలిసే తీరు, చుట్టూ ఉన్నదాన్ని గ్రహించే తీరు వేరుగా ఉండే స్థితి) వంటివి ఉన్న పిల్లలను ఇప్పుడు న్యూరోడైవర్స్ పిల్లలు అంటున్నాం. హైస్కూల్లో వాళ్లకు తోడుగా ఉండే నాలాంటి లెర్నింగ్ స్పెషలిస్టుల దగ్గరికి ఆ మాస్టారి మాట ఇంకో రూపంలో వస్తుంది: "తెలివైనవాడే మేడమ్, ఒళ్లు వంచడు." మొదటి సగం నిజం. రెండో సగం మాత్రం నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే ఆ మాట అన్నాక ఇక ఎవరూ కారణం వెతకరు. నా పని ట్యూషన్ చెప్పడం కాదు. పిల్లవాడికి తెలిసినదానికీ, దాన్ని బయటపెట్టాల్సిన దారికీ మధ్య ఎక్కడ తెగిందో వెతికి పట్టుకోవడం.

"ప్రైమరీలో బాగానే చదివేవాడు కదా" అని తల్లిదండ్రులు అడుగుతారు. అక్కడ ఏ పుస్తకం తీయాలో, ఎక్కడినుంచి రాయాలో, ఎప్పుడు ఆపాలో టీచరే చెబుతారు. హైస్కూలుకు వచ్చేసరికి సబ్జెక్టుకో టీచరు, వారాల గడువున్న ప్రాజెక్టులు, ఒకేరోజు మూడు హోంవర్కులు. ఏది ముందు, దేనికి ఎంతసేపు అనే లెక్కంతా ఒక్కసారిగా పిల్లల నెత్తిన పడుతుంది. ఆ లెక్క చూసుకునే సామర్థ్యాలను ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటారు. వాటికి ముఖ్య ఆధారమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ (మెదడు పైపొర కార్టెక్స్‌లో నుదుటి వెనకుండే భాగం) ఇరవైల నడిమి వరకూ పరిణతి చెందుతూనే ఉంటుంది. 2007లో ఫిలిప్ షా బృందం పిల్లల మెదడు స్కాన్‌లను పోల్చి చూసింది. కార్టెక్స్‌లో సగం చోట్ల మందం గరిష్ఠానికి చేరే వయసు ఏడీహెచ్‌డీ లేని పిల్లల్లో సుమారు 7.5 ఏళ్లు, ఉన్నవాళ్లలో సుమారు 10.5 ఏళ్లు. ఎదుగుదల వరస దాదాపు ఒకటే, ఆలస్యంలోనే తేడా. ఇది గుంపుల మధ్య కనిపించే తేడా కాబట్టి ఒక్కో పిల్లవాడికి అంటగట్టకూడదు. కానీ బడి టైంటేబుల్ మాత్రం అందరికీ పుట్టినతేదీ చూసే వస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. పదో తరగతి అమ్మాయి, చరిత్రలో పెద్ద ప్రశ్న. అడిగితే మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు ఒకదాని వెంట ఒకటి గడగడా చెబుతుంది, మధ్యలో తన అభిప్రాయం కూడా కలుపుతుంది. "అదే రాయమ్మా" అంటే తేదీ, శీర్షిక రాసి ఆగిపోతుంది. కొట్టివేతలు, మళ్లీ మొదలు, మళ్లీ కొట్టివేత. "తెలుసు మేడమ్, పెన్ను పట్టుకుంటే పోతుంది" అంటుంది.

పోతుందన్నది అక్షరాలా నిజం. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకుని వాడుకునే జ్ఞాపకాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. దీనికి 1974లో బ్యాడలీ, హిచ్ ఒక నమూనా ఇచ్చారు. అందులో ఒకేసారి నిలిచేవి నాలుగు అంశాలకు అటూ ఇటూ అని 2001లో నెల్సన్ కోవన్ లెక్కగట్టాడు. ఒక వాక్యం రాయాలంటే ఆ వాక్యం గుర్తుండాలి, తర్వాత వచ్చే పాయింటు గుర్తుండాలి, స్పెల్లింగు చూసుకోవాలి, చేయి అక్షరం దిద్దాలి. చాలామందికి స్పెల్లింగు, చేతిరాత అలవాటుగా నడిచిపోతాయి. ఈ అమ్మాయికి అవే ఉన్న చోటంతా తినేస్తాయి. యుద్ధ కారణాలకు చోటు మిగలదు.

అందుకని పనిని విడగొట్టాం. ముందు ఆమె చెప్పిన జవాబును ఫోనులో రికార్డు చేసింది. దాన్ని వింటూ ఒక్కో కారణానికి ఒక్కో చీటీ మీద రెండు మూడు మాటలు రాసుకుంది. చీటీలను బల్ల మీద పరిచి వరస మార్చి మార్చి చూసింది. వరస తేలాక మొదటి చీటీ మాత్రం ఎదురుగా ఉంచుకుని మిగతావి బోర్లించింది. ఆ చీటీకి ఒక పేరా. స్పెల్లింగు తప్పులు అప్పుడు ముట్టుకోకూడదని ముందే అనుకున్నాం, చివర్లో వాటికోసం ఇంకోసారి చదవాలి. పేజీన్నర నిండింది. చరిత్ర నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు. తలలో ఒకేసారి మోయాల్సిన బరువులో కొంత బల్ల మీదికి దిగింది, అంతే.

ఇక్కడే తల్లిదండ్రులు మెదడుకు పదును పెడతామనే కంప్యూటర్ ఆటల గురించి అడుగుతారు. నా జవాబు ఖరాఖండిగా ఉంటుంది: ఆ సమయం పిల్లవాడికి మిగల్చండి. 2013లో మెల్బీ-లెర్వోగ్, హ్యూమ్ ఈ శిక్షణల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. శిక్షణలో చేయించిన పనులను పోలిన పరీక్షల్లో కొంతకాలం మెరుగుదల కనిపించింది. చదవడానికో, లెక్కలకో అది పాకిందనడానికి నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. "వీడు చూసి నేర్చుకునే రకం, ఆమె విని నేర్చుకునే రకం" అని పిల్లలను విభజించి, దానికి తగ్గట్టు పాఠం చెబితే మేలనే నమ్మకానికీ ఆధారాలు చాలవని 2008లో పాష్లర్ బృందం తేల్చింది.

పని మొదలుపెట్టడమే గండమైన పిల్లలకు "కూర్చుని చదువుకో" అన్న సలహా ఎందుకూ పనికిరాదు. చేయాల్సిన పని ఏమిటో అందులో చెప్పలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధించిన పద్ధతి ఇక్కడ ఎంతో ఆదుకుంటుంది: ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముందే ముడివేసుకోవడం. "బ్యాగు బల్ల మీద పెట్టగానే ఫిజిక్స్ మూడో లెక్కలో ఇచ్చిన విలువలు రాస్తాను." లెక్క పూర్తిచేయాలని అందులో లేదు, గమనించండి. దాని పక్కనే ఎంతసేపు పడుతుందో తన అంచనా, నిజంగా పట్టిన సమయం రాసుకోమంటాను. పది నిమిషాలనుకున్నది నలభై అయిందని వాళ్ల చేతిరాతలోనే కనిపిస్తే ఇక తిట్లు అక్కర్లేదు.

పరీక్షలో అదనపు సమయం అన్యాయమనే టీచర్లతో నేను ఒకే ప్రశ్న మీద మాట్లాడతాను: ఈ పేపరు దేన్ని కొలుస్తోంది? ఫిజిక్స్ పేపరు కొలవాల్సింది చదివే వేగాన్ని కాదు. డిస్లెక్సియా ఉన్న విద్యార్థి హైస్కూలుకు వచ్చేసరికి తప్పుల్లేకుండా చదవగలిగినా, నెమ్మదిగానే చదువుతుండవచ్చు. అదే చదవడాన్నే కొలిచే పరీక్షలో పాఠాన్ని ఇంకొకరు చదివి వినిపిస్తే కొలత మారిపోతుంది. ఆ సాయం అక్కడ నేనూ అడగను.

ఆటిజం, ఏడీహెచ్‌డీ ఒకే పిల్లవాడిలో ఉన్నాయని 2013కు ముందు అమెరికన్ మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం ప్రకారం నిర్ధారించే వీలే లేదు. ఆ గ్రంథం ఐదో కూర్పు డీఎస్ఎం-5 వచ్చాకే ఆ నియమం పోయింది. క్లాసులో మాత్రం రెండూ కలిసిన పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్లు అర్థం కారనే మాటను డేమియన్ మిల్టన్ 2012లో తిప్పి చూపించాడు: అర్థం కాకపోవడం రెండువైపులా ఉంది. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒక కథను మనిషి నుంచి మనిషికి చెప్పించి చూసింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ, ఆటిజం లేనివాళ్ల వరసలో లాగానే చేరింది. ఇద్దరూ కలిసిన వరసల్లోనే ఎక్కువ చెదిరిపోయింది. కాబట్టి గ్రూప్ ప్రాజెక్టులో "మీలో మీరు పంచుకోండి" అని వదిలేయకుండా ఎవరు ఏం చేయాలో, ఎప్పటికివ్వాలో రాసిస్తే ఆటిజం ఉన్న పిల్లవాడికే కాదు, గ్రూపంతటికీ దారి తెలుస్తుంది.

ఈ సాయాలన్నీ మెల్లగా పిల్లల చేతికి మారాలి. బడి దాటాక చాలాచోట్ల సాయం దానంతటది వెతుక్కుంటూ రాదు, అడిగినవాళ్లకే దొరుకుతుంది. అందుకే చివరి రెండేళ్లలో టీచర్లతో మీటింగుకు విద్యార్థి వచ్చి తీరాలని పట్టుబడతాను. ముందురోజు కూర్చుని మూడు సంగతులు రాసుకుంటారు: నాకు ఏది కష్టం, ఏది చేస్తే కుదిరింది, మీ నుంచి ఏం కావాలి. మొదట్లో నేను చదివి వినిపిస్తాను, వాళ్లు తల ఊపుతారు. తర్వాత వాళ్లు చదువుతారు. కొందరు కాగితం లేకుండానే మాట్లాడతారు, కొందరు మీటింగుకు బదులు ఈమెయిల్ రాస్తామంటారు. "సార్, ప్రశ్నలు నోటితో చెప్పినప్పుడు బోర్డు మీద కూడా రాస్తారా?" అని ఒక్క వాక్యం రాసినా చాలు, ఆ మీటింగు పని అయినట్టే.