పెట్రోల్‌ని వదిలించుకోవడం ఎందుకింత కష్టం?

ఆయిల్ అయిపోతుంది అయిపోతుంది అని ఎప్పట్నుంచో వింటూనే ఉన్నాం, ఇంకా రోజుకి 10 కోట్ల బ్యారెళ్ల దాకా తోడి వాడేస్తూనే ఉన్నాం (బ్యారెల్ అంటే 159 లీటర్లు). నన్నడిగితే అసలు చిక్కు అయిపోవడం దగ్గర లేదు, దానంత తేలిగ్గా అంత శక్తిని మోసుకెళ్లేది ఇంకోటి దొరక్కపోవడం దగ్గర ఉంది.

ఒక లెక్క చూడండి. లీటర్ పెట్రోల్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, కరెంటు మీటర్ తిరిగే యూనిట్లే ఇవి కూడా. 40 లీటర్ల ట్యాంకు నింపితే 360 యూనిట్లు, బరువేమో 30 కిలోలే. మంచి లిథియం అయాన్ సెల్ కిలోకి పావు యూనిట్ దాచుకుంటుంది, అంటే ఆ 360 యూనిట్లకి 1400 కిలోలు పైనే కావాలి, కారంత బరువు బ్యాటరీకే!

మరి ఎలక్ట్రిక్ కార్లు ఎలా తిరుగుతున్నాయంటే, ఇంజన్ మహా దుబారా మనిషి. తాగిన పెట్రోల్‌లో పావు వంతు మాత్రమే చక్రాలకి ఇచ్చి మిగతాదంతా రేడియేటర్లోంచి, సైలెన్సర్లోంచి వేడి రూపంలో వదిలేస్తుంది. అంటే 360లో పనికొచ్చింది 90 యూనిట్లే. మోటార్ అయితే 85 శాతం పైనే వాడుకుంటుంది కాబట్టి 100, 110 యూనిట్ల బ్యాటరీతో అదే పని అయిపోతుంది, అంత దూరం అక్కర్లేదనుకుంటే ఇంకా చిన్నదైనా చాలు.

విమానం దగ్గరికొచ్చేసరికి ఈ కిటుకు పనిచెయ్యదు. ఇంధనం కాలేకొద్దీ విమానం తేలికవుతుంది, బ్యాటరీ మాత్రం ఖాళీ అయినా అంతే బరువు. హైడ్రోజన్ కిలోకి 33 యూనిట్లు ఇస్తుంది, వినడానికి బాగానే ఉంది, కానీ మైనస్ 253 డిగ్రీలకి చల్లబరిచి ద్రవం చేసినా, అంతే శక్తికి విమాన ఇంధనం కంటే దాదాపు నాలుగు రెట్లు చోటు అడుగుతుంది.

తమాషా ఏంటంటే లిథియం బ్యాటరీ కథలో తొలి అధ్యాయం నడిచింది ఒక ఆయిల్ కంపెనీలోనే. 1973లో అరబ్ దేశాలు సరఫరా బిగించేసరికి బ్యారెల్ ధర 3 డాలర్ల దగ్గర్నుంచి కొద్ది నెలల్లో 12 డాలర్ల దాకా ఎగిరింది, ఆ రోజుల్లోనే ఎక్సాన్‌లో స్టాన్లీ విటింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త లిథియం బ్యాటరీ తయారు చేశాడు. తర్వాత కంపెనీ దాన్ని పక్కన పడేసింది, 1991లో సోనీ మెరుగైన లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది, 2019లో విటింగ్‌హామ్‌కి, ఆ బ్యాటరీని మెరుగుపరిచిన జాన్ గుడెనఫ్, అకిరా యోషినోలతో కలిపి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఇంకో పేచీ ఉంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. క్రూడ్‌ని (అంటే ముడి చమురుని) కాచి విడదీస్తే పెట్రోల్ ఒక్కటే రాదు, నాఫ్తా (ప్లాస్టిక్‌కి ముడిసరుకు), కిరోసిన్, డీజిల్, అడుగున తారు, అన్నీ ఒకే కాపులో వస్తాయి. కార్లన్నీ కరెంటుకి మారిపోయినా విమానాలకి, ప్లాస్టిక్‌కి, రోడ్లకి క్రూడ్ కాచాల్సిందే, కాచినప్పుడల్లా పెట్రోల్ వాటా కూడా వచ్చి పడుతుంది. క్రాకింగ్ (పెద్ద అణువుల్ని చిన్నవిగా విరగ్గొట్టడం) లాంటి పద్ధతులతో ఆ పాళ్లు కొంతవరకు అటూ ఇటూ మార్చుకోవచ్చు గానీ పూర్తిగా ఆపలేరు, కొత్త రిఫైనరీలు చాలావరకు ప్లాస్టిక్ ముడిసరుకు వైపు మొగ్గుతున్నది అందుకే.