చెయ్యి విదిలిస్తే మొండితనమేనా?

డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు వచ్చిన పెద్దవాళ్లను చూసుకునే ప్రతి ఒక్కరికీ నార్వేలో జరిగిన ఒక ప్రయోగం గురించి తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. అక్కడి పడమటి ప్రాంతంలో, వృద్ధులు ఉండే 18 కేర్ హోముల నుంచి బెటీనా హుసెబో అనే పరిశోధకురాలి బృందం 352 మందిని తీసుకుంది. అందరికీ ఒక మోస్తరు నుంచి తీవ్రమైన డిమెన్షియా. అందరూ అరుపులు, తోపులాటలతో తమను చూసుకునేవాళ్లకి కష్టంగా మారినవాళ్లే. నొప్పి ఉందని ముందే తేలినవాళ్లను మాత్రమే ఏరుకోలేదు. సగం మందికి రోజూ జరిగే సంరక్షణే కొనసాగింది. మిగతా సగం మందికి 8 వారాలపాటు ఒక పద్ధతి ప్రకారం నొప్పి మందులు ఇచ్చారు. 2011లో ఫలితాలు వచ్చాయి. మందులు తీసుకున్నవాళ్లలో ఆందోళన, దూకుడు సగటున 17 శాతం తగ్గాయి. వాళ్లలో ఎక్కువ మందికి ఇచ్చింది మనందరి ఇళ్లలో ఉండే పారాసెటమాల్ ఒక్కటే, అదీ రోజుకు 3 గ్రాములు మించకుండా. మందు ఆపి నాలుగు వారాల తర్వాత చూస్తే గొడవ మళ్లీ పెరిగింది.

అంటే ఆ అరుపుల్లో, ఆ తోపులాటలో కొంత భాగం జబ్బు వల్ల వచ్చింది కాదు. ఒళ్లు నొప్పి పెడుతుంటే చెప్పుకోలేక వచ్చింది.

మతి తప్పినవాళ్లకి నొప్పి పెద్దగా తెలియదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2006లో మెల్‌బోర్న్ పరిశోధకులు, డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ ఉన్నవాళ్ల చేతి బొటనవేలి మీద ఒత్తిడి పెట్టి, ఎం.ఆర్.ఐ. స్కానర్‌లో మెదడు స్పందన చూశారు. నొప్పికి స్పందించే భాగాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కంటే తక్కువ పనిచేయలేదు సరికదా, ఇంకా ఎక్కువగా, ఎక్కువసేపు పనిచేశాయి. ఆ నొప్పి ఎక్కడుందో పోల్చుకుని, మాటల్లో పెట్టి, ఇంకొకరిని సాయం అడిగే శక్తే జబ్బుతో పోతుంది. అదే ఏడాది ఇటలీలో ఫాబ్రిజియో బెనెడెట్టి బృందం మరో సంగతి చూపించింది. మందు పడింది, ఇక తగ్గుతుందిలే అన్న ధీమా వల్ల కూడా మనకు కొంత ఉపశమనం కలుగుతుంది. ఆ ధీమా పుట్టాలంటే మెదడు ముందు భాగం సరిగ్గా పనిచేయాలి. అల్జీమర్స్‌లో అది దెబ్బతింటే, అదే మందు వాళ్లకి తక్కువగా పనిచేయవచ్చు.

కానీ జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. న్యూయార్క్‌లో తుంటి ఎముక విరిగినవాళ్ల మీద 2000లో వచ్చిన ఒక అధ్యయనం చదివితే మనసు పాడవుతుంది. మతి బాగున్నవాళ్లకి ఇచ్చిన మార్ఫిన్ తరహా మందులో మూడో వంతే ముదిరిన డిమెన్షియా ఉన్నవాళ్లకి అందింది. అడగలేరు కాబట్టి అందలేదు.

మరి చెప్పలేని మనిషి నొప్పిని పట్టుకోవడం ఎలా? ముందు అడగాలి. డిమెన్షియా అనగానే అడగడం మానేస్తాం గానీ, జబ్బు మరీ ముదరనివాళ్లు చాలామంది జవాబు చెప్పగలరు. నిన్నటి సంగతి అడగకూడదు, ఇప్పుడు ఎలా ఉందో అడగాలి. 'నొప్పిగా ఉందా' అంటే లేదన్నవాళ్లే 'మోకాలు సలుపుతోందా, గుంజుతోందా, మంటగా ఉందా' అంటే తల ఊపుతారు. అడిగాక జవాబు కోసం ఓపిగ్గా ఆగాలి.

మాట పూర్తిగా పోయినవాళ్ల విషయంలో కదిలించి చూడడమే అసలు కీలకం. కుర్చీలో కూర్చున్న మనిషి హాయిగా కనిపించవచ్చు. హుసెబో బృందం తయారుచేసిన మోబిడ్-2 అనే పరీక్షలో నర్సు పొద్దున్న పనులు చేయిస్తూనే గమనిస్తుంది. ఒక్కో అరచేతినీ మెల్లగా తెరిపిస్తుంది. చేతులు తల వైపు ఎత్తిస్తుంది. మోకాళ్లు, తుంటి ముడిపించి చాపిస్తుంది. మంచం మీద అటూ ఇటూ తిప్పుతుంది. చివరికి మంచం అంచున కూర్చోబెడుతుంది. ఇలా కదిలించినప్పుడు కనుబొమలు ముడిపడ్డాయా, మూలిగారా, నర్సు చెయ్యి పట్టుకుని ఆపారా, ఊపిరి బిగబట్టారా అన్నది చూసి, ఒక్కో కదలికకూ సున్నా నుంచి పది దాకా అంకె వేస్తుంది. నిన్నటిదాకా 'స్నానానికి రాదు, మొండి' అని పేరుపడ్డ మామ్మగారికి జాకెట్టు తొడిగేటప్పుడు భుజం పట్టేస్తోందని ఇలాంటప్పుడే బయటపడుతుంది. ఇంకా తేలిక పద్ధతి కావాలంటే 2003లో అమెరికాలో వచ్చిన పెయినాడ్ ఉంది. శ్వాస, మూలుగు, ముఖం, ఒంటి తీరు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా అన్న ఐదు విషయాలకు తలా సున్నా నుంచి రెండు దాకా మార్కులు. ఇంట్లో చూసుకునే కోడలైనా, హైదరాబాద్ కేర్ హోమ్‌లో ఆయా అయినా కొద్దిపాటి శిక్షణతో నేర్చుకోవచ్చు.

గొడవ చేసేవాళ్ల మీద ఎలాగూ అందరి కళ్లూ పడతాయి. నాకు ఎక్కువ దిగులు కలిగించేది నోరు మెదపకుండా ముడుచుకుపోయేవాళ్ల గురించి. తిండి తగ్గినా, నడక తగ్గినా, పిలిస్తే పలకడం తగ్గినా 'జబ్బు ముదిరింది' అనేస్తాం. అంతకుముందు నోరు తెరిపించి చిగుళ్లు, కట్టుడు పళ్లు చూడాలి. విరేచనం అయి ఎన్ని రోజులైందో లెక్క చూడాలి. మూత్రం నిలిచిపోయిందా, మడమల దగ్గర, నడుము కింద పుండ్లు పడుతున్నాయా అని వెతకాలి. కారణం దొరికితే ముందు దానికే చికిత్స.

మందుల విషయంలో ఒక చిక్కుంది. చాలా చీటీల మీద 'నొప్పి ఉంటేనే ఇవ్వండి' అని ఉంటుంది. అడగలేని మనిషికి ఆ మాత్ర ఎప్పటికీ అందదు. నార్వేలో వేళ ప్రకారం ఇవ్వడం వల్లే తేడా కనిపించిందని నా నమ్మకం. మోతాదు మాత్రం మనిషి బరువు, కాలేయం చూసి డాక్టరే తేల్చాలి. ఐబుప్రొఫెన్ లాంటివి ఈ వయసులో కిడ్నీలకు, కడుపుకు ప్రమాదం. మార్ఫిన్ తరహా మందులతో మలబద్ధకం, మగత, పడిపోవడం వస్తాయి కాబట్టి కొద్దికొద్దిగా మొదలుపెట్టి కనిపెట్టుకుని ఉండాలి. స్నానానికి ఓ గంట ముందు మాత్ర ఇవ్వడం, మోకాళ్ల మధ్య దిండు పెట్టడం, గోరువెచ్చని కాపడం కూడా బాగా సాయపడతాయి.

వీటన్నిటికంటే ముందే మత్తు మందుకో, రిస్పెరిడోన్ లాంటి మానసిక వ్యాధి మందుకో వెళ్లిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో అలాంటి మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. పైగా మత్తులో ఉన్న మనిషి నొప్పిని చేష్టల్లో కూడా చూపలేరు.

అమ్మనో నాన్ననో కేర్ హోమ్‌లో చేర్పించేటప్పుడు ఆధార్ కాపీతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. ఎప్పటినుంచో ఉన్న నొప్పులు, పాత ఎముక దెబ్బలు, ఒంట్లో బాగోలేకపోతే వాళ్లు కోప్పడతారా, మౌనంగా ఉంటారా, దేనితో ఊరట పడతారు అన్నవి రాసి ఇవ్వండి. ఆ వివరాలు అక్కడి నర్సుకి ఇంకెవరూ చెప్పలేరు.