‘పడు’ అనే మాట, పిట్‌ఎక్స్3 అనే ప్రోటీన్

“డోపమైన్ జన్యువు అంటే ఏది? దాన్ని పెంచుకోవచ్చా?” అని ఒక పాఠకుడు అడిగారు. అలాంటి జన్యువు ఒక్కటంటూ లేదండీ. “ఈ లక్షణానికి ఈ జన్యువు” అని జతపరచండి ప్రశ్నలాగా పాఠం చెప్పి చెప్పి మనమే ఈ భ్రమ పెంచాం. నుదుటి మీది రాతను చెరిపేసి డీఎన్‌ఏ మీద రాసుకున్నాం, అంతే తేడా.

డోపమైన్ అంటే న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాల్లో ఒకటి. దానికీ ఆనందానికీ ఉన్న చుట్టరికం గురించి చాలామంది చెప్పేశారు కాబట్టి వదిలేద్దాం. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరు. మన మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటే, నడిమెదడులో డోపమైన్ తయారుచేసేవి నాలుగు నుంచి ఆరు లక్షలే. అన్ని కణాల్లోనూ ఉన్నది అదే డీఎన్‌ఏ. మరి ఈ గుప్పెడు కణాలకే ఈ పని ఎలా అబ్బింది?

అది ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల పని. డీఎన్‌ఏ మీద ఫలానా చోట కూర్చుని, ఒక జన్యువును చదివించే, లేదా దాని నోరు నొక్కే ప్రోటీన్లివి. వీటిని అర్థం చేసుకోడానికి నాకు ‘పడు’ కన్నా మంచి పోలిక దొరకలేదు. పడు అంటే ఏమిటి? కింద పడటం అంటాం. మరి భయపడు, ఇష్టపడు, బయటపడు? నిలబడినవాడు పడలేదు కదా! అర్థమంతా ముందు ఏ మాట వచ్చి కూర్చుందన్న దాన్ని బట్టే.

ఎల్‌ఎమ్‌ఎక్స్1బి అనే ఫ్యాక్టర్‌నే చూడండి. అందులో లోపం ఉంటే గోళ్ళు సరిగా రావు, మోకాలిచిప్పలు చిన్నవిగా ఉంటాయి, అసలు లేకపోవచ్చు కూడా. నడిమెదడులో డోపమైన్ న్యూరాన్లకు పునాది వేసేవాటిలోనూ అదే ఉంది. గోటికీ డోపమైన్‌కీ ఏం సంబంధం? ఏమీ లేదు. కాళ్ళ మీద పడటానికీ కంట పడటానికీ ఉన్నంతే.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. పిండంలో మెదడు ఇంకా ఒక గొట్టంలా ఉన్నప్పుడు, ముందు నుంచి ఓటీఎక్స్2, వెనక నుంచి జీబీఎక్స్2 అనే ఫ్యాక్టర్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అవి తారసపడిన చోట నడిమెదడుకు హద్దు ఏర్పడి, అక్కడి నుంచి ఎఫ్‌జీఎఫ్8 అనే సంకేతం వెలువడుతుంది. కింది నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే మరో సంకేతం వస్తుంది. అది తాకిన అడుగు వరస కణాల్లో ఫాక్స్‌ఏ2 అనే ఫ్యాక్టర్ మేలుకుంటుంది. కానీ ఫాక్స్‌ఏ2 వెన్నుపాము అడుగున కూడా ఉంటుంది, అక్కడి కణాలు న్యూరాన్లు కావు. నడిమెదడులో దానికి ఎల్‌ఎమ్‌ఎక్స్1ఏ, 1బి తోడవుతాయి. దాంతో దారి మారిపోతుంది.

విభజన ఆగిన కణంలోకి అప్పుడు నర్1 అనే మరో ఫ్యాక్టర్ వస్తుంది. 1997లో ఎలుకల్లో ఈ జన్యువును తీసేసి చూస్తే, నడిమెదడులో డోపమైన్ కణాలే ఏర్పడలేదు, పిల్లలు పుట్టిన కొద్దిసేపటికే చనిపోయాయి. మరి నర్1 ఒక్కటీ చాలా? చాలదు. అది జన్యువు పక్కన కూర్చుంటుంది గానీ, జన్యువు నోరు నొక్కే మరో ప్రోటీన్ల గుంపు నర్1ను అంటిపెట్టుకుని ఉంటుంది. పిట్‌ఎక్స్3 అనే ఫ్యాక్టర్ వచ్చాకే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు గానీ డోపమైన్‌ను సంచుల్లో నింపే ప్రోటీన్ లాంటివాటి జన్యువులు గట్టిగా పలకవు.

పిట్‌ఎక్స్3 కథ నాకు మరీ ఇష్టం. కంటిలో లెన్స్ లేకుండా పుట్టే ఒక రకం ఎలుకలు 1960ల నుంచే ప్రయోగశాలల్లో ఉన్నాయి. అందరూ వాటి కళ్ళే చూశారు. లోపం పిట్‌ఎక్స్3లో ఉందని తేలాక, 2003లో మెదడు కూడా చూస్తే, పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బులో దెబ్బతినే, నడిమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో డోపమైన్ కణాలు దాదాపు లేవు! ఆ పక్కనే ఉన్న డోపమైన్ కణాలు మాత్రం చాలావరకు క్షేమం. “భయపడి పారిపోయాడు”లో ‘భయపడి’ తీసేసినా వాక్యం నిలుస్తుంది. “భయపడ్డాడు”లో ‘పడు’ తీసేస్తే ఉత్త భయమే మిగులుతుంది. ఇదీ అలాంటిదే: పిట్‌ఎక్స్3 లేకపోయినా పక్క కణాలు చాలావరకు నిలుస్తాయి, నైగ్రా కణాలు నిలవవు.

కణం తయారయ్యాక కూడా వీటికి సెలవు లేదు. ఈఎన్1 అనే ఫ్యాక్టర్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటే ఉన్న ఎలుకల్లో, డోపమైన్ కణాలు ముందు మామూలుగానే ఏర్పడి, వయసుతో పాటు రాలిపోతాయి.

ఇదే వ్యాకరణాన్ని ఇప్పుడు గాజు పళ్ళెంలో స్టెమ్ సెల్స్‌కు, అంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని మూలకణాలకు, నేర్పుతున్నారు. అలా పెంచిన కణాలను పార్కిన్సన్స్ రోగుల మెదడులో అమర్చిన రెండు ట్రయల్స్ ఫలితాలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. ఒకదానిలో ఏడుగురు, ఇంకోదానిలో 12 మంది. పళ్ళెంలో ఏది పడితే అది పోస్తే మాత్రం కుదరదు. డబ్ల్యూఎన్‌టీ అనే మరో సంకేతాన్ని రగిల్చే రసాయనం మోతాదు తగ్గితే ముందుమెదడు కణాలు వస్తాయి, ఎక్కువైతే వెనకమెదడు కణాలు.