చాప మీద పుస్తకాలు

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

"లైబ్రరీకి అంత పెద్ద బిల్డింగు ఉందిగా తాతయ్యా, మరి మన టీనగర్ పార్కులో చాప పరిచి పుస్తకాలు ఎందుకు పెట్టారు? సాయంత్రానికి ఎత్తేశారు కూడా!" అని మొన్న బుజ్జి అడిగింది. ఫోనులో చెబితే సగం చెవిన పడదని రాస్తున్నాను.

ఎండాకాలం వస్తే మా ఊళ్ళో చలివేంద్రం పెట్టేవాళ్ళం. తాటాకు పందిరి, ఇసుకలో రెండు కుండలు, వాటికి చుట్టిన తడిగుడ్డ, నీళ్ళలో వట్టివేళ్ళు. ఊళ్ళో నుయ్యి లేక కాదు. బాటసారికి అదెక్కడుందో తెలీదు, తెలిసినా చేతిలో చేద ఉండదు, తోడుకోనిస్తారో లేదోనని మొహమాటం. అందుకని నీళ్ళే దారి మీదికి వచ్చేవి.

చెన్నై ఎగ్మోరులో 1896 నుంచీ ఉన్న కన్నెమరా గ్రంథాలయం మనకు నుయ్యి. పార్కులో చాప చలివేంద్రం. నుయ్యిని మోసుకు రాలేం, కుండెడే తేగలం. అందుకే ఎవరి దాహం ఏమిటో చూసి తేవాలి. తమిళం చదివే తాతలు, తెలుగు చదివే మనవాళ్ళు, బొమ్మలు తప్ప ఏమీ చూడని బుడతలు, అందరికీ తలా కాసిని. అట్టలు పైకి కనబడేలా పరచాలి. పేరు రాసుకుని కార్డు అక్కడే ఇచ్చేయాలి. మళ్ళీ వచ్చే రోజు బోర్డు మీద రాస్తే, ఆ రోజు వచ్చి తీరాలి. ఒక్కసారి కుండ ఖాళీగా కనబడితే బాటసారి ఇంకోసారి ఆగడు.

నాకు పదేళ్ళప్పుడు నాయనమ్మ ఆ కుండలు నాకు అప్పగించింది. ఎండలో నిలబడడమెందుకని మా అరుగు మీదే పెట్టాను. పొద్దుగూకినా ముంత తడవలేదు. అరుగెక్కాలంటే చెప్పులు విప్పాలి, ఇంటివాళ్ళని అడగాలి. మర్నాడు నాయనమ్మ ఒక్క మాటా అనకుండా, కుండల్ని బస్సు ఆగే వేపచెట్టు కిందికి మార్పించింది. మధ్యాహ్నంలోగా మూడుసార్లు నీళ్ళు మోశాను. మంచిపని చేస్తే చాలదు, అవతలివాడు జంకకుండా అందుకోగలిగేచోట చేయాలని ఆ రోజే తెలిసింది.

ఇలాగే 1931లో తమిళనాడులోని మన్నార్గుడిలో ఎడ్లబండి కట్టి పుస్తకాలు పల్లెలకు తోలారు. 1935లో మన గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య తిరిగే కాలువ పడవలో గ్రంథాలయం పెట్టారు. ఆ పడవ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పడవ మెల్లగా సాగుతుంది, ఎక్కినవాళ్ళకి చేతిలో పని ఉండదు, గట్టు మీద చెట్లు వెనక్కి పోతుంటాయి, ఒళ్ళో పుస్తకం!

వచ్చే ఆదివారం చాప పరచగానే పుస్తకాల మీద పడకండి. కాసేపు బెంచీ మీద కూర్చుని చూడండి. ఎవరో ఒక పిల్లాడు చాప చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు. చేతులు చొక్కాకి తుడుచుకుంటాడు. అయినా ముట్టుకోడు. అప్పుడు చిన్నీ, నువ్వెళ్ళి వాడి పక్కన కూర్చుని ఏదో ఒక పుస్తకం తెరువు.

వాడు ఏ పుస్తకం తీశాడో నాకు రాయండి.

మీ
తాతయ్య