"నా గిరాకీ మొత్తం వాడు లాక్కున్నాడు సార్": అపోహలు, వాస్తవాలు

ట్రేడ్‌మార్క్ (వ్యాపారం పేరు, గుర్తు) కేసులు చూసే లాయర్‌ని. బేగంబజార్, అమీర్‌పేట్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. కుర్చీలో కూర్చోకముందే అందరూ అనే మాట పైన రాశాను. గిరాకీ లాక్కోవడం తప్పు కాదు, వ్యాపారమంటేనే అది. ఎలా లాక్కున్నాడన్నదే నేనడిగేది.

అపోహ: ట్రేడ్ లైసెన్స్, జీఎస్టీ ఉన్నాయి కాబట్టి పేరు నాదే.

లైసెన్స్ షాపు నడపడానికి, జీఎస్టీ పన్ను కట్టడానికి. కంపెనీ రిజిస్ట్రేషన్ ఉన్నా అంతే. బోర్డు మీది పేరుపై హక్కు ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 కింద రిజిస్టర్ చేయిస్తే వస్తుంది. లేదంటే ఏళ్ల తరబడి ఆ పేరుతో అమ్మి జనంలో సంపాదించుకోవాలి.

అపోహ: రిజిస్టర్ చేయించలేదు, ఇక చేసేదేం లేదు.

చాలామంది ఈ భయంతోనే ఊరుకుంటారు. రిజిస్టర్ కాని పేరుకు కూడా 'పాసింగ్ ఆఫ్' దావా ఉంది, అదే ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 27 దాన్ని కాపాడింది. తన సరుకును మీ సరుకన్నట్టు చలామణీ చేస్తున్నాడన్నది ఫిర్యాదు. మీ పేరుకు గుర్తింపు ఉందని, అతని బోర్డు చూసి జనం పొరబడతారని, దానివల్ల మీకు నష్టమని చూపించాలి. తిరునెల్వేలి ఇరుట్టుక్కడై హల్వా (చీకటి కొట్టు హల్వా అన్నమాట) కేసులో 2015లో సుప్రీంకోర్టు, రిజిస్ట్రేషన్ ఉన్నవాడి కంటే ముందు నుంచి వాడుతున్నవాడి హక్కే పైదని చెప్పింది.

అయితే 'ముందు నుంచి' అని నోటితో చెబితే కుదరదు. ఒక మిఠాయి దుకాణం పెద్దాయన దసరాకు ఇల్లు సర్దుతూ పాత బిల్లు పుస్తకాలన్నీ చిత్తు కాగితాలవాడికి తూకానికి వేసేశాడు. మరుసటి నెలే అదే వీధిలో అదే పేరుతో ఇంకో షాపు తెరుచుకుంది. ఇల్లంతా వెతికితే చివరికి బంధువుల పెళ్లి ఆల్బంలో దొరికింది: భోజనాల బల్ల మీద ఆ పెద్దాయన షాపు డబ్బా, మూత మీద పేరు, ఫోటో వెనక స్టూడియోవాళ్లు వేసిన తేదీ. ఆ ఫోటో పెట్టే, కేసు తేలేదాకా అవతలి షాపు ఆ పేరు వాడకూడదని కోర్టును మధ్యంతర ఉత్తర్వు అడిగాం. పాత బిల్లులు, కరపత్రాలు, డబ్బా ప్రింటింగ్ రసీదులు దయచేసి పారేయకండి.

అపోహ: నష్టానికి అమ్ముతున్నాడు, కాంపిటీషన్ కమిషన్‌కు లాగుతా.

2002 నాటి పోటీ చట్టం ప్రకారం మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్నవాడు పోటీదారులను తరిమేయడానికి ఖర్చు కంటే తక్కువకు అమ్మితేనే తప్పు. జియో ఉచిత ఆఫర్లపై ఎయిర్‌టెల్ ఫిర్యాదును 2017లో కమిషన్ కొట్టేసింది, జియోకు అప్పటికి ఆధిపత్యం లేదని. ఇక పక్క వీధి కిరాణా కొట్టు ఏపాటిది?

అపోహ: మానేసిన ఫ్యాకల్టీ రెండేళ్లు ఇంకెక్కడా చెప్పకూడదని బాండ్ ఉంది.

అమీర్‌పేట్‌లో ప్రతి ఇన్‌స్టిట్యూట్ బీరువాలో ఈ బాండ్ కనిపిస్తుందేమో అనిపిస్తుంది నాకు. ఉద్యోగం మానేశాక బతుకుతెరువు అడ్డుకునే షరతు ఒప్పందాల చట్టం, 1872 సెక్షన్ 27 కింద చెల్లదు. (ఇక్కడా 27, పాసింగ్ ఆఫ్‌కీ 27. మా జూనియర్లకు రోజూ తికమకే.) కానీ పోతూ పోతూ విద్యార్థుల ఫోన్ నంబర్ల జాబితా పట్టుకుపోతే అది వేరే సంగతి. గోప్యత ఒప్పందం రాయించుకుని ఉంటే అక్కడ పట్టుకోవచ్చు.

అపోహ: "మాదే నంబర్ వన్" అంటే కేసు వేయొచ్చు.

తన సరుకు గొప్పదని చెప్పుకోవడాన్ని కోర్టులు పెద్దగా పట్టించుకోవు. మీది చెత్త అన్నాడా, అప్పుడు రండి. పచ్చి అబద్ధాలతో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ప్రకటనైతే జిల్లా కలెక్టర్‌కు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2019 వినియోగదారుల చట్టం కింద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు.

అపోహ: పోలీసులకు చెబితే సాయంత్రానికల్లా సరుకు సీజ్.

ట్రేడ్‌మార్క్ నేరాల్లో సోదాకు డీఎస్పీ హోదా అధికారి కావాలి, మన హైదరాబాద్‌లో ఏసీపీ. అదీ ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకున్నాకే. ఆలోపు గొడవకు దిగకండి. మామూలు కస్టమర్‌లా వెళ్లి అరకిలో కొనండి, బిల్లు అడిగి తీసుకోండి, బోర్డు ఫోటో తీయండి. ఆ డబ్బా తెరవకుండానే నా దగ్గరికి తీసుకురండి.